ఊపిరి తూచే త్రాసు!

ఐసీయూ మూలన ఓ చిన్న యంత్రం. రెండు చుక్కల రక్తం తాగి, రెండు నిమిషాల్లో ఓ చీటీ ఇస్తుంది. దాన్ని చూసే వెంటిలేటర్ పెట్టాలా, తీసేయాలా అన్నది డాక్టర్లు తేల్చుకుంటారు. మరి ఆ చీటీలో ఉన్నది నిజమేనని తేల్చేదెవరు? రోగిని పరీక్షించే యంత్రానికీ రోజూ ఓ పరీక్ష ఉంటుంది. దానికో పెద్ద కథే ఉంది!

రాత్రి రెండున్నర. ఐసీయూ బయట బల్ల మీద పెద్దకొడుకు కునికిపాట్లు పడుతున్నాడు. పక్కన కాఫీ ఫ్లాస్కు, ఒళ్లో నాన్న పాత రిపోర్టుల సంచి. లోపల నాన్నకి ఆయాసం. నలభై ఏళ్లు బీడీ పొగ పీల్చిన ఊపిరితిత్తులు. సాయంత్రం నుంచీ మగతగా ఉన్నారు, పిలిస్తే పలకడం లేదు.

తలుపు తీసుకుని సిస్టర్ బయటికొచ్చింది.

‘‘నాన్నగారికి ఎలా ఉందమ్మా?’’

‘‘ఏబీజీ తీశాం బాబూ. రిపోర్టు రాగానే డాక్టర్ గారు మాట్లాడతారు.’’

అయిదు నిమిషాలు గడిచాయి. డ్యూటీ డాక్టరు చేతిలో చీటీ. పీహెచ్ 7.24, కార్బన్ డయాక్సైడ్ 78, ఆక్సిజన్ 58. ‘‘లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోంది. ముఖానికి మాస్కు కట్టి మెషీన్ పెడుతున్నాం. రెండు గంటల తర్వాత మళ్లీ టెస్టు చేస్తాం’’ అన్నాడాయన.

పేర్లు మారతాయి, ఊళ్లు మారతాయి. పెద్దాసుపత్రుల్లో రోజూ కనిపించే దృశ్యమే ఇది. ఆ చీటీలో పీహెచ్ 7.24 బదులు 7.36 అని వచ్చి ఉంటే? ‘పొద్దున దాకా చూద్దాం’ అనుకుని ఉండేవారేమో! మాస్కు పడేది కాదు. రెండు అంకెలు ఒక రాత్రిని మార్చేస్తాయి. ఒక్కోసారి ఒక జీవితాన్నే.

చిన్న తేడా... పెద్ద చిక్కు

ఏబీజీ అంటే ధమనుల్లోని రక్తంలో ఉన్న వాయువుల పరీక్ష. మామూలు రక్తపరీక్షకు సిరలోంచి రక్తం తీస్తారు. దీనికి మాత్రం సాధారణంగా మణికట్టు దగ్గర నాడి కొట్టుకునే ధమనిలో సూది గుచ్చాలి. కాస్త నొప్పే. కానీ ఊపిరితిత్తులు చేయాల్సిన పని చేస్తున్నాయా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది.

యంత్రం నేరుగా కొలిచేవి ముఖ్యంగా మూడు. ఒకటి పీహెచ్, అంటే రక్తంలో ఆమ్లం పాళ్లు. మామూలుగా 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలి. రెండోది కార్బన్ డయాక్సైడ్ పీడనం. 35 నుంచి 45 మిల్లీమీటర్లు. మూడోది ఆక్సిజన్ పీడనం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 80 నుంచి 100. వీటిలో మొదటి రెంటినీ పట్టుకుని బైకార్బొనేట్‌ను లెక్కగట్టి చెబుతుంది. అంటే మొదటి రెండూ తప్పితే నాలుగో అంకె కూడా తప్పినట్టే!

పీహెచ్‌తో ఓ తిరకాసు ఉంది. 7.4 నుంచి 7.1కి పడితే చూడటానికి 0.3 తేడానే. కానీ ఆ కాస్తలోనే రక్తంలో ఆమ్లం రెట్టింపయిపోతుంది. అందుకే అందులో వందో వంతు తేడాని కూడా డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు.

కోపెన్‌హాగెన్‌లో ఆ వేసవి

కొలత తప్పితే ఏమవుతుందో, సరిగ్గా కొలిస్తే ఏమవుతుందో ప్రపంచానికి చూపించింది 1952లో డెన్మార్క్ రాజధానిని కుదిపేసిన పోలియో.

ఆ వేసవిలో అక్కడి బ్లెగ్డామ్ ఆసుపత్రికి ఒక్కోరోజు యాభై మంది దాకా రోగులు వచ్చేవారు. చాలామంది పిల్లలు. ఊపిరి తీసుకునే కండరాలు చచ్చుబడిపోయి వచ్చేవారు. ఆసుపత్రిలో ఊపిరి ఆడించే పెద్ద ఇనుప పెట్టె ఉన్నది ఒక్కటే. ఛాతీకి తొడిగే చిన్నవి ఆరు. మొదటి మూడు వారాల్లో వాటితో చికిత్స చేసిన 31 మందిలో 27 మంది చనిపోయారు.

ల్యాబ్ రిపోర్టులు మాత్రం వింతగా ఉండేవి. రక్తంలో మొత్తం కార్బన్ డయాక్సైడ్ బాగా ఎక్కువగా కనిపించేది. క్షారం పెరిగినా ఆ అంకె పెరుగుతుంది. ఊపిరి అందక వాయువు లోపలే పేరుకుపోయినా పెరుగుతుంది. ఆ కొలత ఒక్కటీ చూస్తే ఏది కారణమో తెలియదు. పోలియో వల్ల రక్తంలో క్షారం పెరిగిందని అక్కడి వైద్యులు అనుకున్నారు. మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ ఒప్పుకోలేదు. ‘‘అది క్షారం కాదు, వీళ్లకి ఊపిరే చాలడం లేదు’’ అన్నది ఆయన వాదన. ఎవరిది నిజం? పీహెచ్ కొలిస్తే తేలిపోతుంది. ల్యాబ్ పెద్ద పౌల్ ఆస్ట్రప్ పీహెచ్ మీటర్ తెప్పించి కొలిచాడు. రక్తం క్షారంగా లేదు, ఆమ్లంగా ఉంది!

ఆగస్టు 27న ఇబ్సెన్ పన్నెండేళ్ల అమ్మాయికి గొంతు దగ్గర చిన్న రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి ఊదాడు. చూడ్డానికొచ్చిన డాక్టర్లలో కొందరు ఆ పిల్ల బతకదనుకుని మధ్యలోనే వెళ్లిపోయారట. ఆమె బతికింది. ఆ తర్వాత దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని, రేయింబవళ్లు సంచులు నొక్కారు. వందకి 80 మందికి పైగా పోతున్న చోట, మరణాలు సగానికన్నా తక్కువకి దిగొచ్చాయి. ఇప్పటి ఐసీయూలకి పునాది పడింది అక్కడే.

పిల్లల్ని బతికించింది చేతులే. కానీ ఆ చేతులు ఏం చేయాలో చెప్పింది ఓ సరైన కొలత!

మూడు కళ్ల యంత్రం

ఆ తర్వాత ఆస్ట్రప్ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనాన్ని లెక్కగట్టే పద్ధతి కనిపెట్టాడు. కొన్ని దేశాల్లో ఈ పరీక్షని ఇప్పటికీ ‘ఆస్ట్రప్’ అనే పిలుస్తారు. అమెరికాలో 1954లో లేలాండ్ క్లార్క్ ఆక్సిజన్‌ని కొలిచే ఎలక్ట్రోడ్ తయారుచేశాడు. రక్తానికీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర పెట్టడమే అందులో కిటుకు. అదే ఏడాది రిచర్డ్ స్టో కార్బన్ డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ ఆలోచన బయటపెట్టాడు. మత్తు వైద్యుడు జాన్ సెవరింగ్‌హాస్ దాన్ని మెరుగుపరిచాడు. 1950ల చివర్లో ఆయన, బ్రాడ్లీ కలిసి మూడు ఎలక్ట్రోడ్లనీ ఒక్కచోట చేర్చారు. 37 డిగ్రీల నీటితొట్టిలో పెట్టిన ఆ అమరికే మొదటి బ్లడ్ గ్యాస్ అనలైజర్. 1973లో డెన్మార్క్ సంస్థ రేడియోమీటర్ తనంతట తానే పనిచేసే యంత్రాన్ని తెచ్చింది.

ఇది రాకముందు కొలత లేక జరిగిన నష్టం తక్కువేం కాదు. 1940ల్లో, 50ల మొదట్లో నెలలు నిండని పిల్లలకి అడ్డూఅదుపూ లేకుండా ఆక్సిజన్ పెట్టేవారు. ప్రపంచవ్యాప్తంగా దాదాపు పదివేల మంది పసివాళ్ల చూపు పోయింది. కారణం తెలిశాక భయపడి ఆక్సిజన్ బాగా తగ్గించేశారు. ఈసారి ప్రాణాలు పోయాయి. ఎంత ఇస్తే చాలో చెప్పే త్రాసు అప్పట్లో లేదు మరి!

తూకం రాళ్లెక్కడ?

కిరాణా కొట్లో త్రాసు సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన రాయి పెట్టి చూస్తారు. కిలో రాయి పెడితే కిలోయే చూపించాలి. రక్తాన్ని తూచే ఈ త్రాసుకీ అలాంటి రాళ్లున్నాయి. గాజు ఆంప్యూళ్లలో వస్తాయి. ఒక్కోదాంట్లో పీహెచ్, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతుండాలో ముందే తెలుసు. సాధారణంగా మూడు రకాలు ఉంటాయి. ఒకటి జబ్బుమనిషి రక్తంలా ఆమ్లంగా, ఒకటి మామూలుగా, ఒకటి క్షారంగా. అన్నిచోట్లా సరిగ్గా చూపిస్తోందో లేదో తెలియాలి కదా!

టెక్నీషియన్ ఆంప్యూల్‌ని బాగా కుదిపి, మెడ విరిచి, వెంటనే యంత్రానికి అందించాలి. ఆలస్యమైతే గదిలోని గాలి అందులో కలిసి అంకె మారిపోతుంది. వచ్చిన ఫలితాన్ని గ్రాఫ్ మీద చుక్కగా పెడతారు. మధ్యలో సగటు గీత, పైనా కిందా హద్దు గీతలు. 1950లో లెవీ, జెన్నింగ్స్ అనే ఇద్దరు ఫ్యాక్టరీల్లో వాడే ఈ పద్ధతిని ల్యాబుల్లోకి తెచ్చారు. ఆ చుక్కల్ని ఎలా చదవాలో 1981లో జేమ్స్ వెస్ట్‌గార్డ్ బృందం సూత్రాలు రాసింది.

మొదటి హద్దు దాటి ఒక్క చుక్క పడితే కంగారు పడక్కర్లేదు. యంత్రం బాగున్నా సుమారు ఇరవైసార్లకి ఓసారి అలా పడుతుంది. కానీ వరసగా రెండు చుక్కలు ఒకేవైపు మొదటి హద్దు దాటినా, ఒక్కటే అయినా చివరి హద్దు దాటినా యంత్రాన్ని ఆపాల్సిందే. హద్దు లోపలే ఉన్నా వరసగా పది చుక్కలు సగటు గీతకి ఒకేవైపున పడుతున్నాయంటే అదీ మంచి సూచన కాదు. రోజూ అయిదు నిమిషాలు ముందు నడిచే గడియారం లాంటిదది. ఎప్పుడు చూసినా ఒకేలా తప్పు చెబుతుంది. ఒకేలా చెబుతోంది కదా అని నమ్మితే రైలు తప్పదు గానీ, వెనక నడిచేదైతే కచ్చితంగా తప్పుతుంది!

అసలు పని యంత్రాన్ని ఆపాక మొదలవుతుంది. ‘ఇంకో ఆంప్యూల్ విరిచి చూద్దాం, ఈసారి సరిగ్గా వస్తుందిలే’ అనుకోవడం సులువు. మంచి ల్యాబ్ అలా చేయదు. ఎలక్ట్రోడ్ పొర పాడైందా, రక్తం వెళ్లే సన్నటి దారిలో గడ్డ ఇరుక్కుందా, కార్ట్‌రిడ్జ్ గడువు దాటిందా... కారణం వెతుకుతుంది. అంతేకాదు, కిందటిసారి పరీక్ష నెగ్గినప్పటి నుంచి ఇప్పటిదాకా ఎంతమంది రోగుల రిపోర్టులు ఆ యంత్రం మీద వెళ్లాయో వెనక్కి వెళ్లి చూస్తుంది. అవసరమైతే డాక్టరుకి ఫోన్ చేసి ‘సార్, ఆ రిపోర్టు మళ్లీ చేయాలి’ అని చెబుతుంది. తప్పు ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. కానీ ల్యాబ్ నాణ్యత బయటపడేది అక్కడే.

పక్కింటి త్రాసుతోనూ పోల్చాలి

మన రాళ్లు మనమే పెట్టి మనమే చూసుకుంటే సరిపోతుందా? అందుకే బయటి పరీక్ష కూడా ఉంది. ఓ సంస్థ ఒకే రకం నమూనాల్ని ఎన్నో ల్యాబులకి పంపిస్తుంది. అందులో ఎంతుందో ల్యాబుకి తెలియదు. ఫలితాలు పంపాక, అదే రకం యంత్రాలు వాడుతున్న మిగతా ల్యాబులతో పోల్చి ఎవరు ఎక్కడున్నారో చెబుతారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలాగే!

‘అదే రకం యంత్రాలతో’ పోల్చడం ఎందుకంటే... ఆంప్యూల్‌లో ఉండేది చాలావరకు నీటి ద్రావణమే, అసలు రక్తం కాదు. రక్తంలో ఆక్సిజన్‌ని పట్టుకుని ఉండే హిమోగ్లోబిన్ అందులో ఉండదు. అందుకే రవ్వంత గాలి తగిలినా ఆక్సిజన్ అంకె గంతులేస్తుంది. ఒక కంపెనీ యంత్రం ఒకలా, మరో కంపెనీది మరోలా స్పందించొచ్చు. మనిషి రక్తాన్నే తీసుకుని, పాళ్లు తెలిసిన వాయువుతో 37 డిగ్రీల దగ్గర సమంగా కలిపి, దాన్ని యంత్రంలో పెట్టి చూడటమే మేలైన పద్ధతి. టోనోమెట్రీ అంటారు. శ్రమ ఎక్కువ కాబట్టి రోజువారీ పనిలో ఆంప్యూళ్లే వాడతారు.

ఎమర్జెన్సీలో ఒకటి, ఐసీయూలో ఒకటి, పసిపిల్లల వార్డులో ఒకటి... పెద్దాసుపత్రుల్లో యంత్రాలు నాలుగైదు ఉంటాయి. ఎమర్జెన్సీలో ఉన్నప్పుడు 7.28 వచ్చిన రోగికి ఐసీయూకి మారాక 7.32 వస్తే ‘తేరుకుంటున్నాడు’ అనుకుంటారు. తేరుకున్నది రోగి కాక, మారింది యంత్రమే అయితే? అందుకే ఒకే రక్తాన్ని అన్ని యంత్రాల్లోనూ పెట్టి అప్పుడప్పుడూ పోల్చి చూడాలి.

ఎంత తేడా అయితే ఫర్వాలేదు?

ఏ కొలతలోనైనా కాస్త తేడా తప్పదు. ఎంతవరకూ సహించొచ్చన్నదే ప్రశ్న. అమెరికా నిబంధనల ప్రకారం బయటి పరీక్షలో పీహెచ్ 0.04కి మించి తప్పకూడదు. కార్బన్ డయాక్సైడ్ 5 మిల్లీమీటర్లు లేదా 8 శాతం, రెంటిలో ఏది ఎక్కువైతే అది. ఆక్సిజన్‌కి 2025 నుంచి 15 మిల్లీమీటర్లు లేదా 15 శాతం.

ఇది బయటి పరీక్ష నెగ్గడానికి హద్దు మాత్రమే. మంచి ల్యాబులు ఇంతకన్నా చాలా తక్కువ తేడాకే ఉలిక్కిపడతాయి. ఎందుకో ఓ ఉదాహరణ చూడండి. షుగరు బాగా పెరిగి రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్‌ని గుర్తించడానికి పీహెచ్ 7.3 కన్నా తక్కువన్నది ఒక గీటురాయి. అసలు 7.28 ఉన్న రోగికి యంత్రం 7.32 చూపిస్తే? తేడా 0.04 మాత్రమే. పరీక్ష ప్యాస్, గీత మాత్రం తప్పింది!

ఆక్సిజన్ విషయంలోనూ అంతే. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో ఆక్సిజన్ 55 లేదా అంతకన్నా తక్కువుంటే రోజుకి కనీసం 15 గంటలు ఇంట్లో ఆక్సిజన్ పెట్టమంటారు. అలా పెడితే ఆయుష్షు పెరుగుతుందని 1980, 81లలో అమెరికా, బ్రిటన్‌లలో వెలువడిన అధ్యయనాలు తేల్చాయి. నాన్నకి 54 వస్తే ఇంట్లోకి కాన్సెంట్రేటర్ వస్తుంది. 58 వస్తే రాకపోవచ్చు. ఖర్చు, కరెంటు, ఇంట్లోవాళ్ల దినచర్య, ఆ మనిషి ఆయుష్షు... అన్నీ ఆ నాలుగు అంకెల తేడాలో!

యంత్రం తప్పు కాకపోయినా...

త్రాసు ఎంత మంచిదైనా బియ్యంలో రాళ్లు కలిస్తే? యంత్రం దాకా వెళ్లకముందే ఫలితం పాడయ్యే దారులు చాలా ఉన్నాయి.

సిరంజిలో గాలిబుడగ ఉండిపోతే అందులోని ఆక్సిజన్ రక్తంలో కలుస్తుంది. 55 ఉన్న రోగికి ఎక్కువ చూపిస్తుంది. రక్తం తీసి అరగంట దాటిస్తే లోపలి కణాలు ఆక్సిజన్‌ని వాడేసుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, పీహెచ్ తగ్గుతుంది. గడ్డకట్టకుండా వేసే హెపారిన్ ద్రవం ఎక్కువైతే రక్తం పల్చబడి కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే పొడి హెపారిన్ ఉన్న సిరంజీలు మేలు. ధమని అనుకుని సిరలోంచి తీస్తే ఆక్సిజన్ సగానికి సగం పడిపోతుంది. ఇవేవీ ఆంప్యూల్ పరీక్షలో బయటపడవు. మనిషి చేతిలో ఉన్న జాగ్రత్తలివి.

ఊరి ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. విశాఖ సముద్రమట్టానికి దగ్గర. హైదరాబాద్ అయిదు వందల మీటర్లకి పైనే ఉంది. ఇక్కడ గాలి పీడనం దాదాపు 50 మిల్లీమీటర్లు తక్కువ. పీల్చే గాలిలో ఆక్సిజన్ పీడనమూ ఆ మేరకు తగ్గుతుంది. సిలిండర్ వాయువుతో సర్దుకునే యంత్రాలు గాలి పీడనం చూసుకునే లెక్క వేస్తాయి. లోపలి బారోమీటర్ తప్పితే వాయువుల అంకెలు రెండూ తప్పుతాయి.

వేలికి పెట్టే క్లిప్పు చాలదా?

కరోనా రోజుల్లో పల్స్ ఆక్సీమీటర్ ఇంటింటికీ వచ్చింది. నొప్పి లేదు, ఖర్చు తక్కువ. కానీ అది కార్బన్ డయాక్సైడ్‌ని చూపించదు. ఆక్సిజన్ పెట్టాక క్లిప్పులో 94 కనిపిస్తూనే, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని రోగి మగతలోకి జారిపోవచ్చు. 2020లో అమెరికాలో వచ్చిన ఓ అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. క్లిప్పులో 92 నుంచి 96 శాతం చూపిస్తున్నా అసలు రక్తంలో 88 కన్నా తక్కువున్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతమైతే, నల్లజాతివారిలో 11.7 శాతం. చర్మం రంగు క్లిప్పుని మోసం చేస్తోందన్నమాట. ఈ సంగతి తేల్చింది ధమని రక్తపరీక్షే. జడ్జి స్థానంలో ఉన్న యంత్రం ఇది. మరి జడ్జి మీద నిఘా ఉండొద్దూ?

ఇవి తెలుసుకోండి

• మన దేశంలో ల్యాబులకి ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉంటుంది. అయితే బోర్డు మీద ముద్ర ఉన్నంత మాత్రాన అన్ని పరీక్షలకీ గుర్తింపు ఉన్నట్టు కాదు. ఏ పరీక్షలకి ఉందో జాబితా ఉంటుంది. అందులో బ్లడ్ గ్యాస్ ఉందేమో అడగొచ్చు.

• మంచం పక్కన వాడే యంత్రాల నాణ్యత నిబంధనల్ని కూడా ల్యాబుల ప్రమాణం ఐఎస్ఓ 15189లో 2022లో చేర్చారు. ఐసీయూలో ఉన్న యంత్రానికీ ల్యాబుకున్న బాధ్యతే ఉంటుంది.

• రక్తం పల్చబడే మందులు వాడుతుంటే సూది గుచ్చే ముందే చెప్పండి. రక్తం తీశాక కనీసం అయిదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి.

• రక్తం తీసేటప్పుడు ఎంత ఆక్సిజన్ పెట్టారో చీటీ మీద రాయాలి. అది లేకపోతే ఆ అంకెకి అర్థం లేదు. పరీక్షకి ముందు మీ అంతట మీరు ఆక్సిజన్ పెంచడం, తగ్గించడం చేయొద్దు.

• రిపోర్టు, రోగి పరిస్థితి రెండూ పొంతన లేకుండా ఉంటే ‘ఇంకోసారి చూస్తారా డాక్టర్ గారూ’ అని అడగడం తప్పు కాదు.

తెల్లారి ఆరయింది. ఐసీయూలో మరో చీటీ బయటికొచ్చింది. పీహెచ్ 7.34, కార్బన్ డయాక్సైడ్ 58. మాస్కు పనిచేస్తోంది. నాన్న కళ్లు తెరిచి కొడుకుని గుర్తుపట్టారు. మాస్కు లోంచి ఏదో అడిగారు. కొడుకు వంగి విన్నాడు.

‘‘కాఫీ కావాలంట డాక్టర్ గారూ...’’

‘‘కాసేపాగి ఇద్దాం’’ అంటూ నవ్వాడు డాక్టరు.

అదే సమయానికి ఆ మూలన, రాత్రి డ్యూటీ దిగబోయే టెక్నీషియన్ ఓ ఆంప్యూల్ తీసుకుని కుదుపుతున్నాడు. మెడ విరిచి యంత్రానికి అందించాడు. అంకె చూసి, గ్రాఫ్ మీద చుక్క పెట్టి, హద్దు లోపలే ఉందని నిర్ధారించుకుని, సంతకం పెట్టి ఇంటికి బయల్దేరాడు. ఆ సంతకాన్ని బయట బల్ల మీదున్నవాళ్లెవరూ చూడరు. కానీ రాత్రంతా వాళ్లు నమ్ముకున్నది దాన్నే!